ముందు వాయించేవాళ్ళని ఖాయం చేసుకో

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన పట్టిక చదివాను. మే నెలంతా విజయనగరంలో 15 నుంచి 20 ఏళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి బాణీలు కట్టిస్తానన్నావు, మంచి పని. పాఠాలు బాగానే వేసుకున్నావు గానీ వాయించేవాళ్ళ ఊసు చివరి రెండు రోజుల్లో తప్ప ఎక్కడా లేదు. పట్టికని తిరగెయ్యి. పిల్లలు రాసింది మనుషులు వాయించే రోజు ముందు ఖాయం చేసి, మిగతా తేదీలు అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకో.

వాళ్ళతో ఉగాదికే మాట్లాడేసుకో. మేలో పెళ్ళి ముహూర్తాలుంటే మంచి తబలా ఎవరికీ దొరకదు. ఐదుగురు చాలు: వయొలిన్, వేణువు, తబలా, కీబోర్డు, ఒక గాత్రం. 1919లో సంగీత కళాశాల పుట్టిన ఊరు, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు, వయొలిన్‌కి కొదవుండదు. అయితే కర్ణాటక సంగీతం నేర్చినవాళ్ళలో చాలామందికి సరిగమల్లో రాస్తేనే చదవడం సులువు, స్టాఫ్ నోటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య పద్ధతి) ఇస్తే తెల్లమొహం వేస్తారు. ఎవరు ఏది చదువుతారో ఒప్పుకునేటప్పుడే అడిగి రాసిపెట్టుకో. గాయని శ్రుతి కూడా అప్పుడే కనుక్కో. ఒకటిన్నర శ్రుతిలో కుర్రాడు కట్టిన బాణీని, అంతకన్నా బాగా పైనుండే ఐదున్నర శ్రుతి అమ్మాయి పాడాలంటే చరణం ఎక్కడికో వెళ్ళిపోతుంది.

పిల్లలు 8 మంది మించొద్దు. నువ్వూ ఇంకొకరూ చెరి నలుగుర్ని తీసుకోండి. ఒక్కొక్కరితో వారానికి రెండుసార్లు, 45 నిమిషాల చొప్పున విడిగా కూర్చుంటే నీకు వారానికి 6 గంటలు. 20 మందిని చేర్చుకున్నావో, అదే లెక్కన 15 గంటలు. మొదటి వారం దాటకుండానే విడిగా కూర్చోవడం మానేస్తావు.

మొదటి వారం కంప్యూటర్లు తియ్యనివ్వకు. తంబురా, గొంతు, కాగితం, అంతే. లూప్ (తిరిగి తిరిగి మోగే సంగీతం ముక్క) పెట్టుకుని మొదలెట్టినవాళ్ళు దాని మీద నాలుగు స్వరాలు పరిచి బాణీ అయిపోయిందనుకుంటారు. లూప్ ఆపి పాడమంటే తెలుస్తుంది సంగతి.

రెండో వారం సాహిత్యం. దీనికి ఎంత సమయం ఇచ్చినా తక్కువే. మన భాషలో అచ్చు సాగితే మాటే మారిపోతుంది. ‘మది’లో మొదటి అక్షరాన్ని రెండు అక్షరకాలాలు పట్టుకుంటే వినేవాడికి అది ‘మాది’. ‘వాన’ని కుదిస్తే ‘వన’. కట్టినవాడికి మాట ముందే తెలుసు గనక తప్పు చెవికి ఆనదు. అందుకని పాట ఎరగని మనిషిని పక్కగదిలో కూర్చోబెట్టి, విన్న మాటలు విన్నట్టు రాయమను. ఆ కాగితం పిల్లవాడి చేతికిస్తే నువ్వు నోరు విప్పనక్కర్లేదు. ఆ స్వరం సాగాల్సిందే అంటాడా, దీర్ఘంతో మొదలయ్యే మాట వెతుక్కోమను. ఊపిరి తీసే చోటు మాట మధ్యలో పడిందేమో కూడా చూడు.

మూడో వారం వాద్యాలకి రాయడం. కీబోర్డులోని వయొలిన్ ఏది నొక్కినా మోగుతుంది, అదే చిక్కు. అసలు వయొలిన్‌లో కింది తీగ మంద్ర (కింది స్థాయి) షడ్జం, అంటే స; దాని పైది మంద్ర పంచమం, అంటే ప. మంద్రంలో స, గ కలిపి మోగాలని రాస్తే రెండూ ఒకే తీగ మీద పడతాయి, ఎంతటి విద్వాంసుడికైనా కుదరదు. వేణువుకి ఒక్కో శ్రుతికి ఒక్కో వేణువు ఉంటుంది. చరణంలో శ్రుతి మార్చాలంటే రెండోది అందుకోవడానికి కనీసం ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఖాళీ ఉంచాలి. తబలాదీ అదే బాధ, కుడి ఒక శ్రుతికి బిగించి ఉంటుంది.

స్టాఫ్ నోటేషన్ చదివేవాళ్ళకిచ్చే కాగితాలు కంప్యూటర్ నుంచి నేరుగా అచ్చు తియ్యనివ్వకు. వాయించేటప్పుడు వేలు వెంట్రుకవాసి ముందూ వెనకా పడినా అది నిజాయితీగా ముక్కలు ముక్కలుగా రాసేస్తుంది. స్వరం మొదలూ నిడివీ రెండూ క్వాంటైజ్ చేశాకే, అంటే లయ గళ్ళకి సరిగ్గా సర్దాకే, తియ్యాలి. నిమిషానికి 80 బీట్లు, బార్‌కి నాలుగు, 3 నిమిషాల పాట: 60 బార్లు. ఏ4 కాగితం ఒక వైపే వేసి, రెండు పేజీల్లో సర్ది, స్టాండు మీద పక్కపక్కన పెడితే తిప్పే పని ఉండదు. ప్రతి వరుస మొదట్లో బార్ నంబరు ఉండాలి.

మూడో శనివారం తొలి వాయింపు పెట్టు. పాటకి 25 నిమిషాలు, 8 పాటలకి 200. మధ్యలో టీ తప్పనిసరి, వాయించేవాళ్ళు అలిసిపోతే చివరి ఇద్దరి పాటలూ బలి. ముందు ఆపకుండా ఒకసారి, తర్వాత సవరణలు, మళ్ళీ ఒకసారి. ఆ సేపూ పిల్లవాడు మాట్లాడకూడదు, పెన్సిలు పట్టుకుని వినాలి. వాయించినవాళ్ళు విసుక్కున్న చోటల్లా గుర్తు పెట్టుకోమను. తర్వాత 5 రోజులు దిద్దుకోవడానికి. ఈ వాయింపు లేకుండా నేరుగా రికార్డింగుకి వెళితే, ఆ రోజంతా తప్పుడు స్వరాలు వెతకడానికే పోతుంది.

దిద్దేటప్పుడు పెన్సిలు వాడి చేతిలోనే ఉండనీ. ఇంతకన్నా మంచి సంగతి నీకు తట్టినా పాడి వినిపించకు. నీ గొంతు బాగుంటుంది, వాడు దాన్నే రాసేసుకుంటాడు. ‘ఇక్కడ ఎందుకు దిగావు?’ అని అడిగి ఊరుకో. వాడు తడుముకునే సేపు ఓపిక పట్టడమే నీకు అన్నిటికన్నా కష్టం.

రికార్డింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గాయనికి చెవులు మూసే హెడ్‌ఫోన్లే ఇవ్వు, లేకపోతే లయ కోసం చెవిలో వినిపించే క్లిక్ మైకులో పడుతుంది. ఎండలోంచి ఏసీ గదిలోకి వచ్చిన తబలా కుదురుకునేదాకా, ఒక అరగంట, శ్రుతి చెయ్యనివ్వకు.

ఒక్క కాగితం మర్చిపోకు. బాణీ మీద హక్కు కట్టినవాడిదే. శిబిరం పేరుతో నెట్‌లో పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకో, 18 నిండని పిల్లలకి తల్లిదండ్రుల సంతకం.

తబలా ఆయన ఏ తేదీలు ఇచ్చాడో కనుక్కుని రాయి. ఆ తర్వాత పట్టిక మళ్ళీ చూద్దాం.

మీ పెదనాన్న