తలకు దెబ్బ తగిలిన మనిషికి "బాగానే ఉన్నాడు" అని సాయం నిరాకరిస్తే ఏం చేయాలి?

మీ ఆయనకు యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి ఎనిమిది నెలలైందని, సాయం కోసం దరఖాస్తు పెడితే పది నిమిషాలు మాట్లాడి "అన్ని పనులూ సొంతంగా చేసుకోగలరు" అని రాసేశారని చెప్పారు. మా తమ్ముడికీ అచ్చం ఇలాగే జరిగింది.

"స్టవ్ మీరే వెలిగించుకోగలరా?" అని వాణ్ని అడిగారు. "ఆ, వెలిగిస్తాను" అన్నాడు. నిజమే, వెలిగిస్తాడు. ఆపడమే గుర్తుండదు. అంతకు నాలుగు రోజుల ముందే నీళ్లన్నీ ఇగిరిపోయి గిన్నె నల్లగా మాడి, ఇల్లంతా పొగ కమ్ముకుంటే వాడు పక్క గదిలోనే కూర్చుని ఉన్నాడు. ఆ ఫారంలో దీన్ని రాసే గడే లేదు.

మెదడు ముందు భాగం దెబ్బతింటే కాళ్లూ చేతులూ బాగానే ఆడొచ్చు. పని మొదలుపెట్టడం, వరుసగా చేయడం, కోపాన్ని ఆపుకోవడం కష్టమవుతాయి. పైగా కొందరికి తమలో ఆ లోటు ఉందనే తెలియదు. డాక్టర్లు దీన్ని అనోసోగ్నోసియా అంటారు. అందుకే ఈసారి వాళ్లు మాట్లాడటానికి పిలిస్తే ఆయన్ను ఒంటరిగా పంపకండి, మీరూ లోపలికి వెళ్లి మాట్లాడండి.

తిరస్కరించిన ఉత్తరంలో అప్పీలు గడువు ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూడండి. గ్లాస్గో స్కోరు 14 కాబట్టి దెబ్బ చిన్నదే అన్నారన్నారు కదా, 1974లో వచ్చిన ఆ కొలత 3 నుంచి 15 వరకు ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు స్పృహ ఎంత ఉందో చెబుతుంది. ఇప్పుడు ఉద్యోగం చేయగలరా లేదా అనేది దానితో తేలదు. సీటీ స్కాన్ నార్మల్‌గా వచ్చినా లోపల నరాల పోగులు దెబ్బతిని ఉండొచ్చు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచనా వేగం కొలిచే న్యూరోసైకాలజీ పరీక్ష అడిగి చేయించండి. వీలైతే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను (రోజువారీ పనులు చేసుకోగలిగేలా సాయపడే నిపుణులు) ఇంటికి పిలిచి, ఆయన పనులు చేసుకునే తీరు చూసి రిపోర్టు రాయమనండి.

ఇక నోట్‌బుక్. "కోపం ఎక్కువైంది" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. తేదీ, టైము, ఏం జరిగింది, మీరు ఏం చేయాల్సి వచ్చింది, ఇవి రాయండి. మా అప్పీలు నెగ్గడానికి ఎక్కువగా పనికొచ్చింది నా నోట్‌బుక్కే అనుకుంటాను.

అప్పీలులో వాడి ముందే వాడి లోపాలు చెప్పాలంటే నాకు నోరు రాలేదు. అందుకని ముందు రోజు రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పబోయేదంతా చదివి వినిపించాను. రెండు చోట్ల "అలా జరగలేదక్కా" అన్నాడు. కాసేపు ఆగి, "గిన్నె సంగతి మాత్రం చెప్పు" అన్నాడు.