స్ప్లైసింగ్, మైక్రో ఆర్‌ఎన్‌ఏ అన్నీ కలిసిపోతున్నాయా? ఫెరిటిన్‌తో మొదలుపెట్టు

చెల్లె, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: నల్గొండలో ఎంఎస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నావు, లాక్ ఓపెరాన్ (బ్యాక్టీరియాలో జీన్లను ఆన్-ఆఫ్ చేసే ఏర్పాటు) దాకా బాగానే ఉంది, ట్రాన్స్‌క్రిప్షన్ (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవడం) అయిపోయాక జరిగే కంట్రోల్ దగ్గరికి వచ్చేసరికి స్ప్లైసింగ్ (ఆర్‌ఎన్‌ఏలో అక్కర్లేని ముక్కలు కోసి మిగతావి అతికించడం), పాలీ-ఏ (చివర చేరే ఏ అక్షరాల తోక), మైక్రో ఆర్‌ఎన్‌ఏ (ఎంఆర్‌ఎన్‌ఏని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ) అన్నీ కలగాపులగం అవుతున్నాయి, సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో సరిగ్గా ఆ ప్రశ్నలే పోతున్నాయి. నేనూ మన మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనే ఎంఎస్సీ చేసి, తర్వాత హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో కొంతకాలం ఆర్‌ఎన్‌ఏ మీదే పనిచేశాను కాబట్టి చెప్తున్నా.

చాప్టర్‌ని క్యాప్ (ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి కొసన ఉండే టోపీ) నుంచి మొదలుపెట్టి వరుసగా బట్టీ పట్టకు. ఒక్క ఎంఆర్‌ఎన్‌ఏని (ప్రోటీన్ తయారీకి జీన్ సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏ) పట్టుకుని దాని వెంట పో. ఏది పట్టుకోవాలంటే, నా ఓటు ఫెరిటిన్‌కి.

కణంలో మిగిలిన ఇనుమును దాచిపెట్టేది ఫెరిటిన్. బయటి నుంచి ఇనుము లోపలికి తెచ్చుకోవడానికి కావలసింది ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్. ఇనుము తక్కువైనప్పుడు మొదటిది తగ్గాలి, రెండోది పెరగాలి, అవునా? ఈ రెండు పనులనూ ఐఆర్‌పీ (ఐరన్ రెగ్యులేటరీ ప్రోటీన్) అనే ప్రోటీనే చూసుకుంటుంది. ఇనుము లేనప్పుడు అది పోయి ఆ రెండు ఎంఆర్‌ఎన్‌ఏల్లోనూ ఉండే ఒక మడతకు అతుక్కుంటుంది, ఆ మడత పేరు ఐఆర్‌ఈ (ఐరన్ రెస్పాన్సివ్ ఎలిమెంట్), పొడవు సుమారు 30 న్యూక్లియోటైడ్లు. ఫెరిటిన్‌లో ఈ మడత 5 ప్రైమ్ వైపు, అంటే మొదటి కొసన, క్యాప్‌కి దగ్గర్లో ఉంటుంది, అక్కడ ఐఆర్‌పీ కూర్చుంటే ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ చిన్న సబ్‌యూనిట్ ఎక్కడానికి సందు ఉండదు, ఎంఆర్‌ఎన్‌ఏ అట్లనే ఉంటుంది గానీ ప్రోటీన్ రాదు. రిసెప్టర్‌లో అవే మడతలు ఐదు, కానీ 3 ప్రైమ్ వైపు, అంటే చివరి కొసన. అక్కడ అదే ఐఆర్‌పీ కూర్చుంటే ఎంఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైమ్‌కి చోటు దొరకదు, కాబట్టి ఆ ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువసేపు బతికి ప్రోటీన్ పెరుగుతుంది. అదే ప్రోటీన్, అదే మడత, ఎక్కడుందన్న దాన్ని బట్టి ఫలితం తలకిందులు. ఇనుము మళ్లీ వచ్చాక ఐఆర్‌పీ-1 ఒక ఇనుము-గంధకం గుత్తిని తగిలించుకుని అకోనిటేజ్ ఎంజైమ్‌గా మారిపోతుంది, ఐఆర్‌పీ-2ని కణమే విరగ్గొట్టేస్తుంది. నెట్ పరీక్షలో ఈ ఐఆర్‌పీ-1 ముక్క మీద ప్రశ్న వేయడం పేపరు తయారుచేసేవాళ్లకు మహా ఇష్టం.

మన ఊళ్లల్లో రక్తం తక్కువంటే ఆశా వర్కర్ ఐరన్ మాత్రలు ఇచ్చిపోతుంది, ఇంకొంచెం లోతుగా చూడాలంటే డాక్టర్లు సీరం ఫెరిటిన్ టెస్టు రాస్తారు. కొన్ని కుటుంబాల్లో ఈ రిపోర్టులో ఫెరిటిన్ బాగా ఎక్కువ వస్తుంది, ఒంట్లో ఇనుము మాత్రం ఎక్కువ ఉండదు, కంట్లో శుక్లాలు చిన్న వయసులోనే వస్తాయి. కారణం ఏంటని 1995లో తేల్చారు: ఎల్-ఫెరిటిన్ (ఫెరిటిన్‌లోని ఒక రకం ముక్క) జీన్‌లో ఆ మడత దగ్గర ఒక అక్షరం మారింది, ఐఆర్‌పీ సరిగా అతుక్కోలేకపోయింది, అంతే. ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం కూడా మారలేదు. యూటీఆర్ (ఎంఆర్‌ఎన్‌ఏలో ప్రోటీన్‌గా మారని కొస భాగం) అంటే పనికిరాని తోక అనుకునేవాళ్లకు నేను ఇదే చూపిస్తా.

నువ్వు కూడా చూడొచ్చు, ఫోన్ చాలు. జీన్ల సీక్వెన్సులు దాచే ఎన్‌సీబీఐ సైట్‌లో మనిషి ఎఫ్‌టీఎల్ జీన్ (ఆ ఎల్-ఫెరిటిన్ జీనే) ఎంఆర్‌ఎన్‌ఏ సీక్వెన్స్ తెరిచి, ప్రోటీన్ మొదలయ్యే ఏటీజీ కంటే ముందున్న భాగంలో సీఏజీటీజీ అనే ఐదక్షరాలు వెతుకు. మడత కొసన ఉండే లూప్ మొదటి అక్షరాలు అవే.

దీని తర్వాత అసలు సంగతి దానంతటదే తలకెక్కుతుంది. నారు పోసినంత మాత్రాన వడ్లు ఇంటికి రానట్టే, ఎంఆర్‌ఎన్‌ఏ తయారైనంత మాత్రాన ప్రోటీన్ వచ్చినట్టు కాదు. ఎంత తయారైంది, ఎంతసేపు బతికింది, రైబోజోములు ఎన్ని ఎక్కాయి, తయారైన ప్రోటీన్ ఎంతకాలం నిలిచింది, ఈ నాలుగూ విడివిడిగా మారతాయి. సీ-ఫాస్ అనే జీన్ ఎంఆర్‌ఎన్‌ఏ నిమిషాల్లో పోతుంది, హీమోగ్లోబిన్‌లోని గ్లోబిన్‌ది గంటల తరబడి ఉంటుంది.

అందుకే ప్రశ్న చూడగానే ఈ నాలుగింటిలో ఏది మారిందో ఆలోచించు. ఎంఆర్‌ఎన్‌ఏ మారలేదు, ప్రోటీన్ పావు వంతుకు పడిపోయింది అన్నారనుకో. ప్రోటియజోమ్‌ను (కణంలో ప్రోటీన్లను విరగ్గొట్టే యంత్రం) ఆపే ఎంజీ-132 అనే మందు వేస్తే ప్రోటీన్ తిరిగి వచ్చిందా, అయితే గొడవ ప్రోటీన్ విరిగిపోవడంలో ఉంది. రాలేదా, పాలీసోమ్ ప్రొఫైల్ (ఒక్కో ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఎన్ని రైబోజోములు ఎక్కాయో చూసే పరీక్ష) చూడాలి, ఆ ఎంఆర్‌ఎన్‌ఏ బరువైన పాలీసోముల నుంచి తేలిక భాగాలకు జరిగి ఉంటే ట్రాన్స్‌లేషన్ (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారీ) తగ్గినట్టు. ఒకవేళ ఎంఆర్‌ఎన్‌ఏనే తగ్గిందంటే, యాక్టినోమైసిన్-డి వేసి కొత్త తయారీ ఆపి, అరగంటకోసారి శాంపిల్ తీసి చూస్తారు, ఉన్నది తొందరగా తరిగిపోతుంటే స్థిరత్వం తగ్గిందని, మామూలుగానే తరుగుతుంటే తయారీయే తగ్గిందని. ప్రశ్నలో ఏ మందు పేరు ఉందో చూస్తే సగం జవాబు అక్కడే ఉంటుంది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏకి లిన్-4 ఒక్కటి గట్టిగా చదువు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్కన్ సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగులో చూపించారు: 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ లిన్-14 ఎంఆర్‌ఎన్‌ఏ 3 ప్రైమ్ యూటీఆర్‌కి జతకట్టి ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. అది ఆ పురుగు సొంత గోల అనుకున్నారు చాలామంది, 2000లో లెట్-7 అనే ఇంకో మైక్రో ఆర్‌ఎన్‌ఏ బయటపడి అది మనిషిలోనూ ఉందని తేలాక గానీ నమ్మలేదు. నోబెల్ 2024లో వచ్చింది. స్ప్లైసింగ్‌కి ఎస్‌ఎంఎన్-2 (కండరాలు బలహీనపడే ఎస్‌ఎంఏ జబ్బుతో సంబంధమున్న జీన్), నూసినర్సెన్ కథ చాలు: స్ప్లైసింగ్‌లో వదిలేస్తున్న ఏడో ఎక్సాన్‌ను (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగలాల్సిన ముక్క) మళ్లీ లోపల ఉండేలా చేసే మందు, అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది.

ల్యాబ్ గురించి కూడా అడిగావు. డీఎన్‌ఏ తీసిన చేతికి ఆర్‌ఎన్‌ఏ అంటే మొదట్లో టెన్షనే. మన చేతుల మీదే ఆర్‌ఎన్‌ఏని తినేసే ఆర్‌ఎన్‌ఏజ్ ఉంటుంది, ఆటోక్లేవ్ చేసినా పూర్తిగా చావదు, అందుకే గ్లౌజులు మాటిమాటికీ మార్చాలి, ఆ గ్లౌజుతో ఫోన్ ముట్టుకుంటే మళ్లీ మార్చాలి. కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసే ట్రైజోల్ ద్రావణంలో క్లోరోఫాం కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక కింద గులాబీ రంగు, మధ్యలో తెల్లటి పొర, పైన నీళ్లలా తేట. ఆర్‌ఎన్‌ఏ ఆ పైదాంట్లో ఉంటుంది, దాన్నంతా లాగాలని ఆశపడకు, మధ్య పొరకు తగలకముందే ఆపెయ్. జెల్ మీద 28ఎస్, 18ఎస్ అనే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏల రెండు గీతలు స్పష్టంగా, పైది దాదాపు రెట్టింపు వెలుగుతో కనిపిస్తే ముందుకు పో. కింద మసకగా జారిపోయి ఉంటే క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష) రసాయనాలు దండగ చేయకు, మళ్లీ మొదలుపెట్టు.

ఇక ప్రాజెక్టు. మన దగ్గర ప్రాజెక్టు అనగానే సగం మంది బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కొలుస్తారు. తప్పేం లేదు, నల్గొండ సమస్య నల్గొండ వాళ్లే చూడాలి, కానీ నీకు ఆర్‌ఎన్‌ఏ ఇష్టమైతే సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కి అప్లై చెయ్, ఏటా తీసుకుంటారు. అందులో రాయాల్సిన రైటప్‌లో అందరిలా "పరిశోధన అంటే ఆసక్తి" అని రాయకు, ఎఫ్‌టీఎల్ సీక్వెన్స్‌లో నువ్వు ఏం వెతికావో, ఆ అక్షరాల్లో ఒకటి మార్చితే ఏమవుతుందని నీ అంచనానో, దాన్ని ఏ ప్రయోగంతో తేలుస్తావో రాయి.