పేరు ఆగుతుంది, రక్తపరీక్ష ఆగదు

ప్రశ్న: మాది మేనరికం. తొమ్మిది రోజుల బిడ్డ. పుట్టగానే బాబన్నారు, మర్నాడు వృషణాలు చేతికి తగలడం లేదన్నారు. బారసాల దగ్గర పడింది. ఏ పేరు పెట్టాలి? ఆపరేషన్ చేయించాలా?

జవాబు: ముందు ఇవాళే సోడియం, పొటాషియం, షుగర్, 17-ఓహెచ్‌పి అనే హార్మోను పరీక్షలు చేయించండి. అంగం మగపిల్లాడిలా ఉండి రెండు వృషణాలూ తగలకపోతే మొదట అనుమానించాల్సింది సీఏహెచ్ (కంజెనిటల్ ఎడ్రినల్ హైపర్‌ప్లాసియా), పుట్టుకతో వచ్చే ఎడ్రినల్ గ్రంథుల జబ్బు. కిడ్నీల మీదుండే ఎడ్రినల్ గ్రంథుల్లో ఒక ఎంజైము కొరవడి కార్టిసాల్ అనే హార్మోను సరిగా తయారవదు, ఆ ముడిసరుకు మగ హార్మోన్ల వైపు మళ్లుతుంది. దాంతో ఎక్స్ఎక్స్ (ఆడపిల్లల) క్రోమోజోములున్న బిడ్డకి కడుపులోనే అంగం పెరుగుతుంది. లోపల గర్భసంచి, అండాశయాలు మామూలుగానే ఉంటాయి, స్కానింగ్‌లో చూడొచ్చు.

ప్రాణం మీదికి తెచ్చేది ఉప్పు. ఒంట్లో ఉప్పు నిలిపే ఆల్డోస్టిరాన్ హార్మోను కూడా చాలని పిల్లలకి మూత్రంలో ఉప్పు పోతూనే ఉంటుంది. తరచుగా రెండో వారంలో పాలు తాగడం మానేస్తారు, వాంతులవుతాయి, బరువు తగ్గుతుంది. ఇన్‌ఫెక్షన్ అనుకుని ఉత్త సెలైన్‌తో సరిపెడితే బిడ్డ దక్కకపోవచ్చు. కారియోటైప్ (క్రోమోజోముల పరీక్ష) రిపోర్టు ఆలస్యమవుతుంది, దానికోసం మందు ఆపకూడదు.

జబ్బు ఖాయమైతే కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ రోజుకు మూడు పూటలు వేయాలి. మోతాదు చదరపు మీటరు ఒంటి విస్తీర్ణానికి రోజుకు 10–15 మి.గ్రా. చొప్పున, బిడ్డ కొలతలు చూసి పిల్లల హార్మోన్ల డాక్టరే రాయాలి. ఉప్పు పోయే పిల్లలకి ఫ్లుడ్రోకార్టిసోన్, రోజుకు 1–2 గ్రాముల ఉప్పు కూడా ఇస్తారు. మాత్రను అప్పటికప్పుడు పొడి చేసి చెంచాడు పాలలో కలిపి పట్టండి. సీసా నిండా కలిపితే బిడ్డ సగం వదిలేస్తుంది, మందూ సగమే వెళ్తుంది. జ్వరం వస్తే హైడ్రోకార్టిసోన్ రెండు మూడు రెట్లు పెంచాలి, ఎంత పెంచాలో డాక్టరుతో ముందే రాయించుకోండి. వాంతులైతే మాత్ర నిలవదు, ఇంజెక్షనే. జీవితాంతం మందు మానకూడదు.

జననం 21 రోజుల్లో నమోదు చేయించండి, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. అంగాన్ని సరిచేసే ఆపరేషన్‌కి తొందరపడకండి. మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత తమిళనాడు 2019లో పసిపిల్లలకి అలాంటి ఆపరేషన్లను, ప్రాణాపాయం ఉంటే తప్ప, నిషేధించింది. మా అభిప్రాయమూ అదే. తెగిన నరానికి స్పర్శ తిరిగి రాదు. ఎక్స్ఎక్స్ సీఏహెచ్ పిల్లల్లో ఆడపిల్లలుగా పెరిగినవాళ్లు ఎక్కువమంది తాము ఆడపిల్లలమనే అనుకుంటారు, కొద్దిమంది మగవాళ్లమంటారు. కార్లతో ఆడుకుంటోందని మగపిల్లాడని తేల్చేయకండి. ఆట వేరు, తానెవరన్న భావన వేరు.

తర్వాతి ప్రతి కాన్పులోనూ ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. గర్భం రాకముందే జన్యుపరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: మా చెల్లికి 19. రజస్వల కాలేదు. రొమ్ములు పెరిగాయి, చంకల్లో వెంట్రుకల్లేవు. క్రోమోజోముల రిపోర్టులో ఎక్స్‌వై వచ్చింది. మగపిల్లాడా?

జవాబు: కాదు, ఆమె మీ చెల్లెలే. మీరు చెప్పిన లక్షణాలు ఎక్కువగా ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీవి. మగ హార్మోను తయారవుతుంది, ఒళ్లు దాన్ని గుర్తించదు. ఈ అమ్మాయిలు దాదాపు అందరూ తాము ఆడవాళ్లమనే అనుకుంటారు. లోపలి వృషణాలకి యుక్తవయసు దాటాక కేన్సర్ ముప్పు కాస్త పెరుగుతుంది. తీయించుకోవాలా, స్కానింగ్‌తో గమనిస్తూ ఉండాలా అన్నది ఆమే తేల్చుకోవాలి. తీస్తే ఎముకల కోసం ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోను) వాడాలి. గర్భసంచి ఉండదు కాబట్టి గర్భం రాదు. ఈ మాట డాక్టరు ముందు ఆమెకే చెప్పించండి. ఆమె సరేనన్న తర్వాతే పెళ్లివాళ్ల దగ్గర నోరు విప్పండి.