కంప్యుటేషనల్ డిజైన్‌లో పీజీకి బయలుదేరేవారికి

ఆర్కిటెక్చర్ డిగ్రీ బి.ఆర్క్ చివరి ఏళ్ళలో ఉన్న పిల్లల నుంచి నాకు వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. "కంప్యుటేషనల్ డిజైన్‌లో మాస్టర్స్ చేయాలని ఉంది. ఏ దేశం మంచిది? ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని రావాలి?" విజయవాడ ఎస్పీఏ నుంచి అడిగినా, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ నుంచి అడిగినా ఇదే వరస. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో చదువుకుని, కట్టడాల ఆకారాన్ని కంప్యూటర్ లెక్కలతో రాబట్టే ఈ రంగంలో ఇక్కడే స్థిరపడ్డ మనిషిగా నా జవాబు ముందే చెప్పేస్తాను. చదువు పూర్తయ్యాక ఏ హోదాతో, ఏ పని చేస్తూ బతకాలనుకుంటున్నారో మొదట తేల్చుకోండి. దేశం దాన్నిబట్టి తేలుతుంది. సాఫ్ట్‌వేర్ గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

ఈ చదువులో ఏం నేర్పుతారో ఒక కట్టడాన్ని పట్టుకుని చెబితే తేలికగా అర్థమవుతుంది. స్టుట్‌గార్ట్‌కు తూర్పున రెమ్స్ లోయలో ఉర్బాఖ్ అనే చిన్న ఊరుంది. 2019లో అక్కడ 14 మీటర్ల ఎత్తున చెక్కతో ఒక టవర్ కట్టారు. మా విశ్వవిద్యాలయంలోని ఐసీడీ, ఐటీకేఈ అనే రెండు పరిశోధన సంస్థలు దాన్ని రూపొందించాయి. దాని గోడలు వంపు తిరిగి ఉంటాయి. మందపాటి చెక్కను అలా వంచాలంటే మామూలుగా అచ్చులు, పెద్ద ప్రెస్సులు కావాలి. ఇక్కడ అవేవీ వాడలేదు. తేమ ఉన్న పలకలను పొరలు పొరలుగా, ఒక పొర నార నిలువుగా, మరో పొర నార అడ్డంగా ఉండేట్టు అతికించి ఆరబెట్టారు. ఆరేటప్పుడు చెక్క నారకు అడ్డదిశలో బాగా ముడుచుకుపోతుంది, నిలువుదిశలో దాదాపు ముడుచుకోదు. ఒక పొర ముడుచుకుంటుంటే పక్క పొర ఒప్పుకోదు కాబట్టి పలక మొత్తం తనంతట తానే వంగుతుంది. పచ్చి కర్రతో చేసిన తలుపు ఎండాకాలంలో వంకరపోయి మనల్ని విసిగిస్తుందే, అదే గుణాన్ని ఇక్కడ పనిలో పెట్టారు.

మరి ఇందులో కంప్యూటర్ చేసిందేమిటి? నార ఏ దిశలో ఉండాలి, ఏ పొర ఎంత మందం ఉండాలి, ఎంత తేమతో మొదలై ఎంత తేమకు దిగితే కోరిన వంపు వస్తుంది అన్న లెక్క చేసింది. కార్ఖానా నుంచి వచ్చిన చదునైన పలక ఆరాక అనుకున్న వంపు దగ్గరే ఆగాలి. ఆగకపోతే గోడలు కలవవు. పదార్థం ప్రవర్తనను నియమాలుగా రాయడం, ఆ నియమాల నుంచి ఆకారాన్ని రాబట్టడం, తర్వాత నిజంగా తయారుచేసి సరిచూసుకోవడం, ఈ చదువు అంతా ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది. తెర మీద అలలు తిరిగిన టవర్లు చూసి మోజుపడి వచ్చినవాళ్ళు మొదటి సెమిస్టర్‌లోనే నీరుగారిపోవడం చూశాను.

ఇది కంప్యూటర్లతో మొదలైన ఆలోచన కూడా కాదు. ఫ్రై ఓటో అనే జర్మన్ ఆర్కిటెక్టు 1964లో ఇదే విశ్వవిద్యాలయంలో తేలికపాటి నిర్మాణాల సంస్థను నెలకొల్పారు. సబ్బునీటి పొరలు, వేలాడే గొలుసులతో నమూనాలు చేసి ఆకారాలు వెతికారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ పైకప్పులు ఆ ఆలోచన నుంచి వచ్చినవే. దరఖాస్తు పెట్టే ముందు ఆయన పని గురించి ఒక వారం కూర్చుని చదవండి. అరడజను ప్లగిన్లు నేర్చుకోవడం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

గణితం అంటే భయపడేవాళ్ళకు ఒక మాట. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్ళు గణితం 1ఎ లో సదిశలు చదివే ఉంటారు. బిందు లబ్ధం, వజ్ర లబ్ధం మార్కుల కోసం వల్లెవేసి మరిచిపోయి ఉంటారు. వాటిని మళ్ళీ తీయండి. ఒక కిటికీ పలకకు లంబంగా ఉన్న సదిశనూ, సూర్యుడి వైపు చూపే సదిశనూ తీసుకుని బిందు లబ్ధం కడితే, ఆ పలక మీద నేరుగా ఎండ ఎంత పడుతుందో తెలుస్తుంది. ఫలితం రుణాత్మకమైతే ఎండ వెనుక వైపు ఉన్నట్టు. రైనో అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో నియమాలతో ఆకారాలు చేసే భాగం పేరు గ్రాస్‌హాపర్. అందులో ఎండకు తగ్గట్టు తెరుచుకునే ముఖభాగాలన్నిటికీ పునాది ఈ ఒక్క లెక్కే.

ఇంకో సంగతి. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్ 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు, అందుకని ఉత్తరపు గోడకూ ఎండ తగులుతుంది. స్టుట్‌గార్ట్ 48 డిగ్రీలు దాటి ఉంది. ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు. మీ ఊరి బాల్కనీకి నీడ లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం రాసి, అక్షాంశం మార్చి చూడండి. ఏం మారిందో, ఎందుకు మారిందో సొంత మాటల్లో చెప్పగలిగితే ఇంటర్వ్యూకి సగం సిద్ధమైనట్టే.

చేసిన పనులు చూపే పోర్ట్‌ఫోలియో దగ్గర మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటున్నారు. నాకు పంపే వాటిలో తరచూ కనబడేది పోచంపల్లి ఇక్కత్. ఆ డిజైను తీసుకుని, భవనం ముఖం మీద పరిచి, "సంప్రదాయం నుంచి స్ఫూర్తి" అని రాస్తారు. చూసేవాళ్ళకు అందులో ఆలోచన ఏమీ కనబడదు. అసలు ఇక్కత్‌లో గొప్పతనం ఎక్కడుంది? నేయక ముందే నూలును కట్టలు కట్టి, రంగు అంటకూడని చోట బిగించి, అద్దకం వేస్తారు. మగ్గం మీదకి ఎక్కాక ఏ పోగు ఎక్కడ పడుతుందో ముందే లెక్క చూసుకుని ఆ కట్లు వేస్తారు. చీర మీద పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు ఉండటం కూడా ఆ పద్ధతి వల్లే. ఆ లెక్కను నియమాలుగా రాయండి. ఇచ్చిన బొమ్మకు ఏ పోగు మీద ఎక్కడ కట్టు వేయాలో చెప్పే ప్రోగ్రాం చేయండి. వీలైతే ఒక నేతగాడి దగ్గర కూర్చుని, మీ లెక్క ఎక్కడ తప్పుతోందో రాసుకోండి. అలాంటి రెండు పేజీలు కంప్యూటర్‌లో చేసిన ముప్ఫై భవనాల బొమ్మల కన్నా బలంగా ఉంటాయి. బొమ్మలు ఇప్పుడు కృత్రిమ మేధ కూడా వేసిపెడుతోంది కాబట్టి వాటి విలువ ఇంకా పడిపోయింది. నెట్టులో దొరికిన గ్రాస్‌హాపర్ ఫైలును మీదిగా చూపించవద్దు. ఇంటర్వ్యూలో "ఈ భాగం ఎందుకు పెట్టారు?" అని ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతారు.

సాఫ్ట్‌వేర్ గురించి నాలుగు మాటలు చాలు. రైనో, దానిలో గ్రాస్‌హాపర్, కొంచెం పైథాన్. రైనో 90 రోజులు ఉచితంగా వాడుకోవచ్చు, తర్వాత విద్యార్థులకు తక్కువ ధరకు దొరుకుతుంది. గ్రాస్‌హాపర్‌లో డేటా ట్రీలు, అంటే సమాచారాన్ని కొమ్మలు కొమ్మలుగా అమర్చే పద్ధతి, అర్థమయ్యేదాకా ముందుకు వెళ్ళవద్దు, అందరూ తడబడేది అక్కడే. కొన్ని ప్లగిన్లు విండోస్‌లోనే పనిచేస్తాయి కాబట్టి లాప్‌టాప్ కొనేటప్పుడు అది చూసుకోండి.

ఇక అసలు విషయం, డిగ్రీ పేరు. ఇళ్ళల్లో అప్పు చేసి పంపుతారు, అందుకే దీని గురించి గట్టిగా చెబుతున్నాను. ఈ రంగంలో చాలా కోర్సులు ఎమ్మెస్, ఎమ్మెస్సీ డిగ్రీలిస్తాయి. వాటితో ఆర్కిటెక్టుగా లైసెన్సు దానంతటదే రాదు. అమెరికాలో ఆర్కిటెక్చర్ డిగ్రీలకు గుర్తింపునిచ్చే ఎన్ఏఏబీ గుర్తింపు ఉన్న ఎం.ఆర్క్ వేరు, ఎంఐటీ, కార్నెగీ మెలన్ వంటి చోట్ల కంప్యుటేషన్‌లో ఇచ్చే మాస్టర్స్ వేరు. బ్రిటన్‌లో యూసీఎల్ బార్ట్‌లెట్ వారి ఆర్కిటెక్చరల్ కంప్యుటేషన్ ఏడాదిలో అయిపోతుంది కానీ, అక్కడి ఆర్కిటెక్టు అర్హతలో రెండో మెట్టయిన పార్ట్ 2 కింద అది లెక్కకు రాదు. జర్మనీలో ఆర్కిటెక్టు అన్న పేరు వాడుకోవాలంటే ఆ రాష్ట్రపు ఆర్కిటెక్టుల ఛాంబర్‌లో నమోదు కావాలి, వాళ్ళు మీ మొత్తం చదువునూ, పని అనుభవాన్నీ చూస్తారు. సొంత పేరుతో ఇళ్ళు కట్టాలన్నదే మీ కల అయితే ఈ కోర్సు చుట్టుదారి అవుతుంది. ముఖభాగాల ఇంజినీరింగ్, చెక్క నిర్మాణాలు, రోబోలతో తయారీ, పెద్ద సంస్థల డిజైన్ టెక్నాలజీ బృందాలు, పరిశోధన, వీటిలో ఏదైనా మీకు ఇష్టమైతే ఇంతకంటే మంచి దారి లేదు.

అమెరికా వెళ్ళేవాళ్ళు దరఖాస్తుకు ముందే, కోర్సు ఏ విభాగం కిందకు వస్తుందో చెప్పే సీఐపీ కోడ్ ఎంతో విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. 04.0902 లాంటి స్టెమ్ (శాస్త్ర, సాంకేతిక కోర్సుల) కోడ్ ఉంటే, చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే 12 నెలల ఓపీటీ మీద మరో 24 నెలలు పొడిగింపుకు అవకాశం ఉంటుంది. మామూలు ఆర్కిటెక్చర్ కోడ్ 04.0201కి ఆ వెసులుబాటు లేదు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఫీజే ఏడాదికి 50 వేల డాలర్లు దాటే చోట, ఆ రెండేళ్ళ తేడా అప్పు తీరడానికీ తీరకపోవడానికీ మధ్య తేడా.

ఇక స్టుట్‌గార్ట్‌లో మా దగ్గర ఐటెక్ అనే రెండేళ్ళ ఎమ్మెస్సీ ఇంగ్లీషులోనే సాగుతుంది. ఆర్కిటెక్టులతో పాటు ఇంజినీర్లనూ తీసుకుంటారు, స్టూడియోలో ఇద్దరూ కలిసే పనిచేస్తారు. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళ దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు ఫీజు తీసుకుంటుంది. దాని మీద చిన్నపాటి సెమిస్టర్ రుసుము ఉంటుంది. వీసా కోసం, నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు, ఇది మారుతుంటుంది కాబట్టి మీరు వెళ్ళే ఏడాది లెక్క చూసుకోండి. ఇండియాలో చదివినవాళ్ళకు, చదువు పత్రాలు సరైనవేనని చెప్పే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి. అడ్మిషన్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి, మార్కుల జాబితాలు చేతికి రాగానే మొదలుపెట్టండి. చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయవచ్చు. చదువైపోయాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు.

అందరికీ నచ్చని సలహా ఒకటి ఉంది. బి.ఆర్క్ అయిన వెంటనే రాకండి. ఏడాదో రెండేళ్ళో హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో పనిచేయండి. భవనాల కంప్యూటర్ నమూనాలు చేసే బిమ్ ఆఫీసయినా పరవాలేదు, సైటు చూసే చిన్న ఆఫీసయితే ఇంకా మంచిది. సెంట్రింగు ఎలా కడతారో, గీసిన గీత సైటు మీద ఎంత జరుగుతుందో చూసినవాళ్ళు ఇక్కడి వర్క్‌షాపులో సరైన ప్రశ్నలు అడుగుతారు. 2014లో ష్వేబిష్ గ్మ్యుండ్‌లో కట్టిన బీచ్ చెక్క హాలులో 243 పలకలున్నాయి, ప్రతి పలకా వేరే ఆకారం, మందం 50 మిల్లీమీటర్లే. వాటిని రోబో కోసింది. అయినా అంచు అంచుకు సరిగ్గా కూర్చోవాలంటే చెక్కపని తెలిసిన మనిషి తీర్పు కావాలి. స్టుట్‌గార్ట్ నుంచి రైల్లో ఆ ఊరికి తేలికగా వెళ్ళి రావచ్చు. వచ్చిన మొదటి నెలలోనే వెళ్ళి ఆ కీళ్ళను చేత్తో తడిమి చూడండి.

భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. తరగతి గది ఇంగ్లీషులో నడుస్తుంది, ఆఫీసు జర్మన్‌లో నడుస్తుంది. ఇక్కడ భవన నిర్మాణ సేవలను 9 దశలుగా విడదీస్తారు. మొదటి దశల్లో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు. వివరమైన డ్రాయింగులు, టెండర్లు, సైటు పర్యవేక్షణ వచ్చేసరికి జర్మన్ రానివాళ్ళను పక్కన కూర్చోబెడతారు. హైదరాబాద్‌లో గోథే సెంటర్ ఉంది. అడ్మిషన్ కోసం ఎదురుచూసే నెలల్లో జర్మన్ మొదటి స్థాయిలు ఏ1, ఏ2 పూర్తిచేయండి, ఇక్కడికి వచ్చాక బీ1 మొదలుపెట్టండి. థీసిస్ సెమిస్టర్‌లో భాషకు తీరిక దొరకదు.

ఇంటి సంగతి కూడా ముందే చూసుకోండి. అడ్మిషన్ లేఖ వచ్చిన రోజే విద్యార్థుల వసతి చూసే స్టుడీరెండెన్‌వెర్క్ సంస్థ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టండి, వరుస పొడవుగా ఉంటుంది. హాస్టళ్ళు చాలావరకు ఫైహింగెన్ వైపు ఉంటాయి, ఆర్కిటెక్చర్ విభాగం నగరం మధ్యలో కెప్లర్ వీధిలో ఉంది. రెండింటి మధ్య ఎస్-బాన్ రైలు తిరుగుతుంది, దూరం గురించి దిగులు అక్కరలేదు. కొత్తగా వచ్చేవాళ్ళు దిగిన వారంలోనే అన్‌మెల్డుంగ్ అనే చిరునామా నమోదు చేయించుకోండి. బ్యాంకు ఖాతాకు, నివాస పర్మిట్‌కు ఆ కాగితం కావాలి. ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం లేకపోతే నమోదు జరగదు కాబట్టి, తాత్కాలికంగా గది తీసుకునేటప్పుడే ఆ పత్రం ఇస్తారో లేదో అడిగి, ఇస్తామంటేనే డబ్బు కట్టండి.