కొట్టు తెరవబోతున్న మేనల్లుడికి

చిరంజీవి నాన్నా,

ఉద్యోగం మానేసి సత్తెనపల్లిలో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల కొట్టు పెడుతున్నావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతు నిండా గర్వమే. నాకూ గర్వంగానే ఉంది కానీ రాత్రి నిద్ర పట్టలేదు. మీ మామయ్య కొట్లో పద్దులు రాసినదాన్ని, ఆ టెన్షన్ నాకు తెలుసు.

మూడింటికీ వేరువేరు లైసెన్సులు, గోడకు కనపడేలా తగిలించు. స్టాకు, ధరల బోర్డు రోజూ మార్చు. విత్తనాలు, ఎరువుల డీలర్ల కోసం పెట్టిన ‘దేశి’ డిప్లొమా ఎలాగూ చేశావు కాబట్టి మందుల సంగతి నేను చెప్పక్కర్లేదు. చదువురాని రైతుకు మాత్రం డబ్బా మీది త్రికోణం చూపించి చెప్పు: ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

బోర్డు మీద ‘కర్మణ్యేవాధికారస్తే’ అని రాయిస్తున్నావట. రాయించుకో, బాగుంటుంది. కానీ ఆ గీతలోనే పద్దెనిమిదో అధ్యాయంలో 14వ శ్లోకం కూడా ఒకసారి చదువు. ఏ పని ఫలించాలన్నా ఐదు కలవాలంటాడు కృష్ణుడు: ఆధారమైన చోటు, చేసేవాడు, పనిముట్లు, చేసే రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. మిరప చేలో పెట్టి చూడు. చోటు అంటే భూమి, చేసేవాడు రైతు, ప్రయత్నం వాడి చాకిరీ, దైవం వాన. మరి పనిముట్లలో విత్తనం ఉందే, అది నీ కౌంటర్ మీద నుంచే వెళ్తుంది. ఆ వంతు నీది. దాన్ని ఎప్పుడూ ఐదోదాని ఖాతాలో రాయకు.

ఎందుకు చెబుతున్నానంటే, మీ మామయ్య ఒకసారి అదే చేశాడు. మీ నాన్న పెళ్లయిన మరుసటి ఏడు. నారుమళ్లు పోసే అదను దాటిపోతోంది, మంచి రకం మిరప విత్తనం ఎక్కడా దొరకడం లేదు. పక్క ఊరి కౌలు రైతు ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చి, ‘ఏదో ఒకటి ఇవ్వండి బాబూ’ అని కూర్చున్నాడు. అటక మీద ముందటేడు మిగిలిన ప్యాకెట్లున్నాయి. మొలక పరీక్ష చేసిన తేదీ నుంచి మొదటి గడువు 9 నెలలే కదా, అవి ఎప్పుడో దాటిపోయాయి. పైగా రేకుల కింద వేసవంతా ఉడికాయి. మీ మామయ్య చెడ్డవాడు కాదురా. ఖాళీ చేతులతో పంపలేక ఇచ్చాడు. బిల్లు మాత్రం రాయొద్దని నాకు సైగ చేశాడు. ఆ సైగతోనే నాకు అర్థమైంది, ఆయనకూ తెలుసని.

మిరపకు నిబంధన అడిగేదే 60 శాతం మొలక. ఆ మడిలో అందులో సగం కూడా లేవలేదు. రైతు మొలకెత్తని చోటి మట్టిని కాగితంలో పొట్లం కట్టుకొచ్చి కౌంటర్ మీద విప్పాడు. గింజలు అలాగే ఉన్నాయి, కొన్నిటికి బూజు. నేను ఆయన తిడతాడని చూస్తున్నా. ‘నా కర్మ లెండి’ అని పొట్లం మళ్లీ కట్టుకున్నాడు. మీ మామయ్య ఊపిరి పీల్చుకోవడం నేను కళ్లారా చూశాను. ‘అంతే మరి, ఎవరి ప్రాప్తం వారిది’ అన్నాడు కూడా! నాకు ఆ మాటే ఈ రోజుకీ మంట. గింజ మనది, గడువు దాటించింది మనం, కర్మ మాత్రం ఆయనదట.

తర్వాతేమైందో విను. పిడుగేం పడలేదు. ఆ ఊరి వాళ్లు గొడవ చేయలేదు, ఒక్కొక్కరే పక్క కొట్టుకు మళ్లారు. మనకు రావాల్సిన అరువులు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. రెండేళ్ల తర్వాత మీ మామయ్య బస్టాండులో జారి కాలు విరగ్గొట్టుకుంటే, ‘ఆ పాపమే తగిలింది’ అన్నారు బంధువులు. నేను ఒప్పుకోను. ఆయన అరటి తొక్క మీద కాలేశాడు, అంతే. పాపానికి శిక్షలు వేసే పని మనం పెట్టుకోకూడదు. భారతంలో మాండవ్యుడు చిన్నప్పుడు పురుగులకు పుల్ల గుచ్చాడని యముడు ఆయనకు శూలం రాసిపెట్టాడు. తప్పుకు మించిన శిక్ష వేశావని ఆయన శపిస్తే యముడంతటివాడు విదురుడై పుట్టాల్సి వచ్చింది. ఆయనకే లెక్క తప్పితే గల్లాపెట్టె ముందు కూర్చునే మనమెంత? కాబట్టి పంట పోయి వచ్చినవాడితో ‘నీ ప్రాప్తం’ అనకు. లాట్ నంబరు చూడు, బిల్లు చూడు, కంపెనీకీ వ్యవసాయాధికారికీ ఫోన్ చెయ్. ఎంత తొందరలో ఉన్నా బిల్లు లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా ఇవ్వకు.

ఇంకో భయం నాది, నవ్వకు. చీకటి పడ్డాక, ఇంట్లో గొడవపడిన మొహంతో ఒంటరిగా వచ్చి ఒక్క డబ్బా అడిగేవాళ్లుంటారు. ఏ పంటకు, ఏ పురుగుకు అని అడుగు. జవాబు తడబడితే ఇవ్వకు, స్టాకు లేదని చెప్పు. కూర్చోబెట్టి టీ తెప్పించి, వాళ్ల ఇంటికి ఫోన్ కొట్టు. వాళ్లవాళ్లు వచ్చేదాకా షట్టర్ దించకు. ఆ ఒక్క అమ్మకం పోతే పోనీ.

ప్రారంభానికి ముందే వస్తాను. ర్యాకులు గోడకు ఆనించొద్దు, విత్తనానికి చెమ్మ పడుతుంది. మందులకు వేరే గది చూడు. మీ నాన్నను గల్లా దగ్గర మాత్రం కూర్చోబెట్టకు, వాడు అడిగినవాళ్లందరికీ అరువిచ్చేస్తాడు.

ఆశీస్సులతో,
అత్తయ్య