కంచు ఫలకం మీద పేరొక్కటే ఉంది

ప్రశ్న: మావారిది ఇంగ్లండ్. వాళ్ల నానమ్మ పెట్టెలో అరచేయంత గుండ్రటి కంచు ఫలకం దొరికింది. సింహం బొమ్మ, ముత్తాతగారి పేరు తప్ప హోదా, రెజిమెంట్ ఏవీ లేవు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారట. ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: ఆ యుద్ధంలో పోయిన వాళ్ల కుటుంబాలకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన స్మారక ఫలకం అది. హోదా కావాలనే వేయలేదమ్మా, ప్రాణమిచ్చిన వాళ్లంతా సమానమేనని. నాకు నచ్చే విషయం అదే, వెతికేవాళ్లకు తలనొప్పీ అదే. ఫలకంతో పాటు ఇచ్చిన కాగితం మీద హోదా, రెజిమెంట్ ఉంటాయి. పెట్టె అడుగున ఇంకోసారి చూడండి.

తర్వాత యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టండి. ఉచితమే. సమాధి దొరకని వాళ్లూ అందులో ఉంటారు. ఫ్రాన్స్‌లోని థియప్వాల్ స్మారకం మీదే 72,000కు పైగా అలాంటి పేర్లున్నాయి. ఒకే పేరుతో పదిమంది కనిపిస్తే టెన్షన్ పడకండి. కొందరి వివరాల్లో తల్లిదండ్రుల పేర్లు, ఊరు ఉంటాయి. 1911 జనాభా లెక్కలతో పోల్చుకోండి. సర్వీసు నంబరు ఒక్కదాన్నే నమ్మొద్దు. అప్పట్లో రెజిమెంట్ మారితే నంబరూ మారేది.

సర్వీసు ఫైలు దొరికితే అదృష్టమే. 1940 సెప్టెంబరులో లండన్ మీద పడిన బాంబులకు సగానికి పైగా కాలిపోయాయి. మిగిలినవి లండన్ శివారు క్యూ (Kew)లో ఉన్న ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం నేషనల్ ఆర్కైవ్స్‌వి. అంచులు మాడిన ఆ కాగితాల నకళ్లు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. అవి లేకపోతే ‘సోల్జర్స్ ఎఫెక్ట్స్’ రిజిస్టర్లు చూడండి. చనిపోయిన సైనికుడికి రావలసిన డబ్బు భార్యకిచ్చారా, తల్లికిచ్చారా అన్నది వాటిలో రాసి ఉంటుంది. మనిషి ఆయనేనా అని తేల్చుకోవడానికి అంతకంటే మంచి ఆధారం నాకు తెలిసి లేదు.