ట్యూబ్‌లైట్ల కర్మాగారంలో పాదరసం ఆవిరి

ప్రశ్న: ఐటీఐ చదివిన మా అబ్బాయికి పొరుగు రాష్ట్రంలో ట్యూబ్‌లైట్లు తయారుచేసే కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. అక్కడ పాదరసం ఆవిరి పీల్చవలసి వస్తుందని బంధువులు భయపెడుతున్నారు. దానిని అదుపు చేసే మార్గాలు ఉన్నాయా? అబ్బాయిని పంపవచ్చునా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ బంధువుల భయంలో నిజముంది. పాదరసం ఆవిరికి రంగూ వాసనా ఉండవు. పీల్చిన దానిలో సుమారు 80 శాతం ఒంట్లోనే నిలిచిపోతుంది. ఏళ్ల తరబడి పీల్చినవారికి చేతుల వణుకు, మతిమరుపు, మూత్రపిండాల జబ్బు రావచ్చు. అయితే ఆ ఆవిరి వెలువరించే అతినీలలోహిత కిరణాలనే గాజు లోపలి పూత వెలుగుగా మారుస్తుంది కనుక, పాదరసం లేకుండా ట్యూబ్‌లైటు లేదు.

మీ అబ్బాయి ముందుగా తెలుసుకోవలసింది, అక్కడ పాదరసాన్ని ట్యూబులోకి ఏ రూపంలో వేస్తున్నారన్నది. ద్రవ పాదరసాన్ని చుక్కలుగా వేసే పాత పద్ధతిలో కొంత వేడి యంత్రాల దగ్గర ఆవిరైపోయేది, కొంత చింది నేల పగుళ్లలో చేరి నెలల తరబడి గాలిలో కలుస్తూ ఉండేది. చుక్క కొలత నిలకడగా ఉండదు కనుక అవసరానికి మించి వేయడమూ మామూలే. జింకు, బిస్మత్ వంటి లోహాలతో కలిపిన గుళికలు వాడితే చిందడం ఉండదు, కొన్ని మిల్లీగ్రాములతోనే పని జరుగుతుంది. టైటానియంతో కలిపిన పాదరసాన్ని పట్టీగా లోపల అమర్చి, ట్యూబును మూసివేసిన తరువాతనే వేడిచేసి విడుదల చేసే పద్ధతి ఇంకా మేలు.

రెండవది వేడి. 20 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలిలో సుమారు 14 మిల్లీగ్రాముల పాదరసం ఆవిరి నిలవగలదు, 30 డిగ్రీలకు అది రెట్టింపవుతుంది. అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ ఎనిమిది గంటల పనికి సూచించిన పరిమితి ఘనపు మీటరుకు 0.025 మిల్లీగ్రాములే. మన కోనసీమ మే నెల ఉక్క వంటి వాతావరణంలో గదిని చల్లబరచకపోతే ఆ పరిమితిని నిలుపుకోవడం కష్టం. ఆవిరి పుట్టేచోటనే దానిని లాగి, గంధకం పట్టించిన బొగ్గు వడపోత గుండా పంపే గొట్టాలు, అతుకులు లేని నేల, పగిలిన ట్యూబులకు మూత ఉన్న డబ్బాలు, కార్మికులకు క్రమం తప్పని మూత్రపరీక్ష ఉండాలి. మామూలు గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు. అదొక్కటే ఇచ్చి సరిపెట్టే చోటికి పంపవద్దనే నా సలహా.

ఇవన్నీ సవ్యంగా ఉన్నా, మరొక ప్రశ్న మిగులుతుంది. పాదరసం వాడకాన్ని అరికట్టేందుకు దేశాలు చేసుకున్న, భారతదేశం కూడా భాగస్వామిగా ఉన్న మినమాటా ఒప్పందం కింద 2023లో జరిగిన సమావేశం, ఇటువంటి పొడుగు ట్యూబుల తయారీని ఆపివేయడానికి, వాటి రకాన్ని బట్టి, 2026, 2027 సంవత్సరాలను గడువుగా నిర్ణయించింది. ఎల్‌ఈడీ దీపాలలో పాదరసం ఉండదు. కాబట్టి, ఆ యాజమాన్యం ఎల్‌ఈడీల తయారీకి మారుతున్నదా, ఆ పని మీ అబ్బాయికి నేర్పుతారా అని చేరకముందే అడిగించండి.